ఆటుపోట్లు చూసుకుని టికెట్ కొనండి

అండమాన్ ప్యాకేజీ టూర్లలో నీల్ దీవికి దక్కేది మామూలుగా ఒక్క పూట. పొద్దున హావ్‌లాక్ నుంచి ఫెర్రీలో దిగుతారు. జెట్టీ దగ్గర కారు సిద్ధంగా ఉంటుంది. మూడు బీచ్‌ల దగ్గర మూడు ఫొటోలు, మధ్యలో ఒక కొబ్బరి బోండాం, మధ్యాహ్నం పోర్ట్ బ్లెయిర్ పడవ. ఊరొచ్చాక ఎవరైనా అడిగితే, "ఏముందండీ అక్కడ, రాళ్లూ ఇసుకా" అంటారు. అది అబద్ధమేమీ కాదు. వాళ్లు వెళ్లిన గంటలో అక్కడున్నవి రాళ్లూ ఇసుకే. లేదా రాళ్లు కూడా కనపడకుండా నిండిన నీళ్లు.

నీల్ చాలా చిన్న దీవి. విస్తీర్ణం 14 చదరపు కిలోమీటర్ల లోపు. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు వేల మంది పైచిలుకు. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా నలభై కిలోమీటర్ల దూరం. ఈ కొస నుంచి ఆ కొసకు సైకిల్ మీద పోవచ్చు. ఇంత చిన్న చోట "చూడాల్సినవి" అని జాబితా వేసుకుంటే రెండు గంటల్లో అయిపోతుంది. నాలుగు రోజుల సెలవు దొరికి నిజంగా విశ్రాంతి కోరుకునేవాళ్లు ఆ జాబితా పక్కనపెట్టి, మరో లెక్క వేసుకోవాలి. సముద్రం ఏ గంటకు వెనక్కి తగ్గుతుంది, ఎప్పుడు తిరిగి ఎక్కుతుంది అన్నదే ఆ లెక్క.

పేరు సంగతి ముందే చెప్పుకోవాలి, లేకపోతే టికెట్లు కొనేటప్పుడు తికమక పడతారు. నీల్ అధికారిక నామం ఇప్పుడు షహీద్ ద్వీప్, హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్. 1943 డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన నేతాజీ ఈ దీవుల సముదాయానికి షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. సరిగ్గా 75 ఏళ్లకు, 2018 డిసెంబర్ 30న, ఆ పేర్లను ఈ రెండు దీవులకు ఇచ్చారు. పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం చేశారు. ఆటోవాళ్లు, హోటళ్లవాళ్లు పాత పేర్లే వాడుతున్నారు గనుక ఇక్కడా అవే. అయితే ఆ నీల్ ఎవరో తెలిస్తే పేరు మార్చడం మంచిదే అనిపిస్తుంది. 1857లో అలహాబాద్, కాశీ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లను ఉరికొయ్యల పాలు చేసిన సైనికాధికారి జేమ్స్ నీల్. మద్రాసు మౌంట్ రోడ్డులో ఆయన విగ్రహం ఉండేది. దాన్ని తీసేయాలని 1927లో సత్యాగ్రహమే జరిగింది. పదేళ్ల తర్వాత రాజాజీ ప్రభుత్వం దాన్ని మ్యూజియానికి తరలించింది.

దీవిలోని ఊళ్ల పేర్లకు మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబాలను 1960లలో ఇక్కడ స్థిరపరిచారు. అడవి నరికి, పొలాలు దున్ని, అరటీ కూరగాయలూ పండించి పోర్ట్ బ్లెయిర్‌కు పంపడం మొదలుపెట్టింది వాళ్లే. అండమాన్ల కూరగాయల తోట అని ఈ దీవికి పేరు.

ఇక తేదీ. లాంగ్ వీకెండ్ అంటే క్యాలెండర్‌లో ఎర్ర అంకెలు వెతకడమే మనకు అలవాటు. నీల్ కోసం అదే క్యాలెండర్‌లో అంకె కింద చిన్న అక్షరాల్లో ఉండే తిథి కూడా చూడాలి. ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అందుకే ఈ రోజు పదింటికి వచ్చిన పోటు రేపు పదీ యాభైకి వస్తుంది. పౌర్ణమి, అమావాస్యలప్పుడు సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీద లాగడం వల్ల నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. ఈ ప్రభావం తిథి దాటాక ఒకటి రెండు రోజులు ఇంకా గట్టిగా ఉంటుంది. అష్టమి చుట్టుపక్కల ఆ లాగుడు సగానికి సగం చచ్చుబడుతుంది. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం రెండు మీటర్ల దాకా మారితే, అష్టమి రోజుల్లో ఒక మీటరు మారడమే గగనం. కోనసీమ తీరంలో వల పట్టేవాళ్లకు ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. మనకే చెప్పాలి.

దీని వల్ల టూరిస్టుకు ఒరిగేదేమిటి? నీల్‌లో అందరూ చూడాలనుకునే రాతి తోరణం లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉంది. దాని దగ్గరికి దారి సముద్రపు అడుగు మీదుగానే. నీరు దిగితే నడిచిపోవచ్చు, దిగకపోతే ఒడ్డున నిలబడి చూసి రావడమే. కాబట్టి రాళ్ల గుంటల్లో జీవాలు చూడాలి, తోరణం కిందికి నడవాలి అనుకునేవాళ్లు పౌర్ణమికో అమావాస్యకో దగ్గరగా ఉన్న సెలవు ఎంచుకోవాలి. పిల్లలతో భరత్‌పూర్‌లో స్నానాలాడుతూ గడిపితే చాలనుకునేవాళ్లకు అష్టమి వారాంతమే మేలు. అప్పుడు రోజంతా ఓ మాదిరి లోతున నీళ్లుంటాయి, పాటు వేళ, అంటే నీరు దిగినప్పుడు, కాళ్లకు పగడపు రాళ్లు గుచ్చుకునే బెడద తక్కువ.

వాతావరణం కూడా కలిసిరావాలి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత డిసెంబర్ మొదటి వారాల దాకా తుపాన్ల భయం. దీపావళి అమావాస్యనాడు వస్తుంది, పోటూ పాటూ బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ పడవ నడుస్తుందో లేదో చెప్పలేం. క్రిస్మస్, సంక్రాంతి సెలవుల్లో సముద్రం బాగానే ఉంటుంది, గదుల ధరలే బాగుండవు. అన్నీ చూస్తే హోలీ, గుడ్ ఫ్రైడే సెలవులు గట్టి బేరం. హోలీ పౌర్ణమినాడే. గుడ్ ఫ్రైడే లెక్కకూ చంద్రుడే ఆధారం, వసంత పౌర్ణమి తర్వాత వచ్చే ఆదివారం ఈస్టర్ కనుక. అయితే ఏటేటా దూరం మారుతుంది. 2026లో గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ముందు రోజే పౌర్ణమి. 2025లో అది పౌర్ణమి దాటిన అయిదారు రోజులకు వచ్చింది, అంటే వారాంతానికి పోటు పలచబడిపోయింది. గంటలూ నిమిషాలూ కావాలంటే పోర్ట్ బ్లెయిర్ ఆటుపోట్ల పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురిస్తుంది. అలలు, గాలుల అంచనాలు ఇచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్ ప్రగతి నగర్‌లోనే ఉంది. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అదే ఆవరణ. సముద్రం లేని ఊళ్లో కూర్చుని దేశంలోని సముద్రమంతా కనిపెట్టుకునే సంస్థ అది.

రోజుల లెక్కలో చాలామంది దెబ్బతింటారు. శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు కదా అనుకుంటారు. శుక్రవారం పొద్దున హైదరాబాద్‌లోనో చెన్నైలోనో విమానం ఎక్కితే, రెండున్నర గంటల ప్రయాణం, పోర్ట్ బ్లెయిర్‌లో సామాను తీసుకోవడం, జెట్టీ చేరడం, ఫెర్రీకి గంట ముందు హాజరు. నీల్‌లో కాలు పెట్టేసరికి పొద్దు వాలుతుంది. ఆదివారం తిరుగు విమానం అంటే పొద్దున్నే ఫెర్రీ. చేతిలో మిగిలేది శనివారం ఒక్కటే. సోమవారం ఒక సెలవు కలుపుకుంటే పరిస్థితి మారుతుంది. శుక్ర, శని రాత్రులు నీల్‌లో, ఆదివారం మధ్యాహ్నం తిరుగు పడవ, ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, సోమవారం విమానం. హావ్‌లాక్ కూడా కలపాలన్న ఆశ ఇక్కడే వదులుకోవాలి. రెండు దీవులు పెట్టుకుంటే సెలవులో సగం లైఫ్ జాకెట్ల వరసల్లోనే పోతుంది.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలనడం ఊరికే అంటున్న మాట కాదు. 2016 డిసెంబర్ మొదటి వారంలో అల్పపీడనం తుపానుగా మారుతున్నప్పుడు ఫెర్రీలు ఆగిపోయాయి. హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అంత తుపాను అక్కర్లేదు, గాలి కాస్త ఎక్కువై ఒక ట్రిప్పు రద్దయినా చాలు, అదే రోజు విమానం ఉన్నవాళ్ల టికెట్ నీళ్లపాలే.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ కూడా ఉంది. దాదాపు నెలకు ఒకసారి నడుస్తుంది, సముద్రం మీద రెండు రోజులకు పైనే పడుతుంది. వారాంతానికి పనికిరాదు గానీ, ఉత్తరాంధ్ర నుంచి బతుకుదెరువుకు వెళ్లిన కుటుంబాలకు తరాలుగా అదే దారి.

పోర్ట్ బ్లెయిర్ నుంచి నీల్‌కు రెండు రకాల పడవలు. ప్రైవేటు ఫెర్రీలు ఏసీ పెట్టెలు. కిటికీ తెరుచుకోదు, వేగం ఎక్కువ, ఆన్‌లైన్‌లో టికెట్ సులువు, కడుపులో తిప్పేవాళ్లకు కష్టం. సర్కారీ పడవలు చవక, నెమ్మది. డెక్ మీద నిలబడొచ్చు. దీవి జనానికి ఆస్పత్రికైనా కాలేజీకైనా అవే గతి కాబట్టి సీట్లు పర్యాటకులకు కష్టంగా దొరుకుతాయి. దొరికితే మాత్రం అదే ఎక్కాలి. గాలి కొడుతుంది, అక్కడక్కడ అలల మీంచి ఎగిరే చేపలు పక్షుల్లా జారిపోతుంటాయి. భారతీయులకు నీల్‌కు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఒరిజినల్ గుర్తింపు కార్డు ఉంటే సరిపోతుంది.

దీవిలో దిగాక మొదట మార్చుకోవాల్సింది నిద్ర వేళ. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. నీల్ దానికి పది డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు ఇక్కడ నలభై నిమిషాలు ముందే వచ్చి, ముందే పోతాడు. డిసెంబర్‌లో సాయంత్రం అయిదుకే సూర్యాస్తమయం. ఏప్రిల్‌లో పొద్దున అయిదు దాటగానే ఎండ ముఖం మీద పడుతుంది. తొమ్మిదింటికి లేచి, టిఫిన్ తిని, పదకొండుకు బయల్దేరే మన సెలవు పద్ధతి ఇక్కడ పెట్టుకుంటే దీవిలో ఉండీ దీవిని చూడనట్టే. నాలుగున్నరకు లేచి, మధ్యాహ్నం పడుకుని, రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పేయాలి. ఊరూ అప్పటికే నిద్రపోతుంది.

సూర్యోదయానికి సీతాపూర్. జెట్టీ నుంచి అయిదు కిలోమీటర్లు, దీవికి తూర్పు కొస. దారంతా అరటి తోటలు, పోక చెట్లు, చెరువు గట్లు. అద్దె స్కూటర్లు బోలెడు ఉన్నాయి, సైకిల్ అయితే ఇంకా హాయి. సీతాపూర్‌లో అలల ఉధృతి ఎక్కువ, ఈత కొట్టే చోటు కాదు. భరత్‌పూర్ జెట్టీకి పక్కనే ఉంది. పగడపు దిబ్బ అడ్డు ఉండటం వల్ల అల మెత్తబడి వస్తుంది, పిల్లలకు అదే మంచిది. లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్ సూర్యాస్తమయానికి.

ఇక్కడి ఇసుకను గుప్పెట్లోకి తీసుకుని చూస్తే విశాఖ ఇసుకకూ దీనికీ తేడా తెలుస్తుంది. మన ఇసుక కొండ రాళ్లు నలిగి నదుల వెంట కొట్టుకొచ్చినది. ఇక్కడిది పగడాల, గవ్వల ముక్కలు. అందులో గణనీయమైన భాగం చిలుక ముక్కు చేపల కడుపులోంచి వచ్చింది. అవి పగడపు రాతిని పళ్లతో గీకి తిని, మెత్తటి తెల్లపొడిగా విసర్జిస్తాయి.

పాటు వేళకు లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ చేరాలి. నీరు పూర్తిగా దిగే సమయానికి గంటన్నర ముందు దిగితే వెళ్లిరావడానికి వ్యవధి సరిపోతుంది. హవాయి చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. తడి రాళ్ల మీద నాచు పాకుడు పట్టి ఉంటుంది. ఒడ్డున స్థానిక గైడ్లు నిలబడి ఉంటారు, ఒకరిని మాట్లాడుకోవడం దండగ కాదు. వాళ్లు చూపించేదాకా గుంటలో ఏముందో మన కళ్లకు ఆనదు. చీలమండ లోతు నీళ్లలో నల్లగా, మూరెడు పొడవున పడి ఉన్నది సముద్ర దోసకాయ. ఇసుక మింగి, అందులోని తిండి జీర్ణం చేసుకుని, శుభ్రమైన ఇసుకను వెనక వదులుతూ పోతుంది. పక్క రాతి చీలికలో నీలం, ఆకుపచ్చ మచ్చల పెదవులు తెరుచుకుని ఉన్నది పెద్ద ఆల్చిప్ప. ఆ రంగు పొరలో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. దానికి ఎండ తగలాలనే చిప్ప అలా తెరిచి పెడుతుంది. ఎండలో వండిన తిండిని ఇద్దరూ పంచుకుంటారు. మనిషి నీడ పడిందా, చటుక్కున మూసుకుంటుంది.

ఆ చివరన తోరణం. బెంగాలీ రైతులు దీనికి హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. తిరుమలలో శిలాతోరణం చూసినవాళ్లకు ఆకారం కొత్త కాదు. కాకపోతే అది వంద కోట్ల ఏళ్లు దాటిన గట్టి రాయి, ఇది అల కొట్టినకొద్దీ అరిగే సున్నపురాయి. పైకెక్కి ఫొటో దిగాలన్న సరదా మానుకోవడం దానికీ మనకీ మంచిది. నీరు తిరగబడిందని గైడ్ చెప్పగానే వెనక్కి రావాలి. వచ్చిన దారి ముందు మాయమవుతుంది.

ఇక గవ్వలు జేబులో వేసుకోవడం సంగతి. పగడాలు, పెద్ద ఆల్చిప్పలు, సముద్ర దోసకాయలు, కొన్ని రకాల గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. చచ్చిన పగడపు ముక్క అయినా నేరమే, విమానాశ్రయంలో బ్యాగులు తనిఖీ చేస్తారు. చట్టాన్ని పక్కనపెట్టినా, ఖాళీ శంఖం కూడా ఖాళీ ఇల్లేమీ కాదు. ఒళ్లు పెరిగినప్పుడల్లా కొత్త గుల్ల వెతుక్కునే సన్యాసి పీతలు ఈ ఒడ్డు నిండా ఉన్నాయి.

అద్దం అడుగు పడవలో భరత్‌పూర్ పగడాలు చూపిస్తారు. ప్రకటనల్లోని రంగుల తోట కోసం వెళ్తే నిరాశ తప్పదు. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున పాలిపోయాయి, ఆ తర్వాతా దెబ్బలు తిన్నాయి. బూడిద రంగు దిబ్బల మధ్య అక్కడక్కడ కొత్త చిగుళ్లు, వాటి చుట్టూ చేపలు. అలా అనుకుని వెళ్తే బాగుంటుంది. ఒంటికి సన్‌స్క్రీన్ పూయడం కన్నా పొడుగు చేతుల ఈత చొక్కా తొడగడం నయం. కొన్ని సన్‌స్క్రీన్లలోని రసాయనాలు పగడాలకు చేటని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకం నిషేధించింది. నీల్ చుట్టూ సముద్రపు గడ్డి మైదానాలున్నాయి. వాటిని మేసే డ్యుగాంగ్, అంటే సముద్రపు ఆవు, అండమాన్ నికోబార్ అధికారిక జంతువు. కనపడటం మాత్రం లాటరీ తగలడమే.

స్కూబా చేయాలనుంటే శనివారమే చేసేయాలి. లోతు నుంచి పైకి వచ్చినవాళ్ల ఒంట్లో నత్రజని కరిగి ఉంటుంది, విమానంలో గాలి పీడనం తగ్గితే అది బుడగలు కడుతుంది. ఒక్కసారి మునిగితే కనీసం పన్నెండు గంటలు, పలుమార్లు మునిగితే పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవర్లు పాటించే నియమం. మొసళ్ల హెచ్చరిక బోర్డులను కూడా పట్టించుకోవాలి. అండమాన్లలో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు వాటి బారిన పడి చనిపోయారు. మడ అడవుల కాలువల్లోకి సరదాకైనా దిగకూడదు.

వీటన్నిటికన్నా రోజువారీ శత్రువు ఇసుక ఈగ. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఇసుక మీద కూర్చుంటే కుడుతుంది. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటి నుంచి వారం రోజులు గోకుడే. కాళ్లకు దట్టంగా కొబ్బరి నూనె రాసుకుని, ఇసుక మీద కాకుండా దుంగ మీదో కుర్చీలోనో కూర్చోవాలి.

తిండికి నీల్ కేంద్ర బజారు. పెద్ద రిసార్టుల్లో పన్నీర్ బటర్ మసాలా దొరుకుతుంది. అందుకోసం అంత దూరం పోనక్కర్లేదు. బజారులో బెంగాలీ భోజనం పెట్టే చిన్న హోటళ్లున్నాయి. అన్నం, పప్పు, ఆవ నూనెలో వేయించిన వంకాయ ముక్క, చేపల పులుసు. పొద్దున చెప్పి ఉంచితే మధ్యాహ్నానికి పెద్ద చేప తెప్పించి వండిపెడతారు. వంకాయ, బెండకాయ పక్క పొలాలవే. మంచినీళ్లకు వానలూ బావులే దిక్కు కాబట్టి బకెట్లకు బకెట్లు గుమ్మరించుకోవడం పద్ధతి కాదు. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకుని వెళ్లాలి. నెట్ వస్తే వచ్చింది, లేకపోతే లేదు. 2020లో చెన్నై నుంచి వేసిన సముద్రగర్భ కేబుల్ పోర్ట్ బ్లెయిర్‌కూ హావ్‌లాక్‌కూ వెళ్లింది గానీ నీల్‌కు నేరుగా రాలేదు. ఆఫీసు మీటింగ్ ఉందనేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఆదివారం సాయంత్రానికి పోర్ట్ బ్లెయిర్ చేరితే సెల్యులార్ జైలు చూసే వీలుంటుంది. 1906లో కట్టడం పూర్తయిన ఏడు కొమ్మల జైలులో ఇప్పుడు మిగిలినవి మూడే. రాత్రి భోజనానికి అబర్డీన్ బజార్‌కు నడిచిపోతే దుకాణాల్లో తెలుగు వినపడుతుంది. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ యాస. మంచి చేపల పులుసు ఎక్కడ దొరుకుతుందో, రేపు గాలి ఎలా ఉంటుందో వాళ్లను అడిగితే హోటల్ కౌంటర్ దగ్గర అడిగినదానికన్నా సరైన జవాబు దొరుకుతుంది.